డ్రైనేజీ రివర్స్ కొట్టిన ఇంటికి క్లీనింగ్ వాళ్లని పిలిచాం: 5కి 3 స్టార్లు, ఎందుకో చెప్తా

ముందే చెప్తున్నా, కంపెనీ పేరు రాయట్లేదు. వచ్చిన నలుగురు పిల్లలు ఒళ్లు దాచుకోకుండా చేశారు, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. కానీ 14,500 కట్టాక కూడా ఇంకో రెండు నెలలు నేనే చాకిరీ చేయాల్సొచ్చింది కాబట్టి జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట కక్కేయకపోతే నాకు నిద్ర పట్టదు.

మాది హైదరాబాద్‌లో పాత కాలనీ. మామయ్య 1994లో కట్టించిన ఇల్లు, కింద మేము, పైన అద్దెకిచ్చాం. అప్పట్లో రోడ్డు మీంచి గేట్లోకి మూడు మెట్లు ఎక్కేవాళ్లట. తర్వాత రోడ్డు మీద రోడ్డు, సీసీ మీద సీసీ, పాతది తవ్వి కొత్తది వేసిన పాపాన ఎవరూ పోలేదు, ఇప్పుడు గేటు దాటగానే ఒక మెట్టు కిందకి దిగాలి. అంటే రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత మా వెనక బాత్రూం కన్నా ఎత్తులో ఉంది. వానాకాలంలో వాన నీళ్లు కూడా అదే లైన్లో పడతాయి, లైన్ ఎక్కడో జామ్ అయితే ఆ నీళ్లు మూత దాకా ఎక్కే పనేముంది, అంతకన్నా కింద ఎక్కడ బొక్క కనిపిస్తే అక్కడే పైకొస్తాయి. ఆ బొక్క మాది.

జులైలో ఒక రాత్రి రెండింటికి గుడగుడమని చప్పుడు. నేను పైన ట్యాంక్ నిండుతోంది అనుకుని పడుకున్నా. కాసేపటికి అత్తయ్య "అమ్మాయ్, కాళ్ల కింద తడిగా ఉందేంటే" అని అరుపు. లైటు వేస్తే వెనక బెడ్రూంలో నల్లటి నీళ్లు, వాసన చెప్పక్కర్లేదు. మా ఆయన పాత లుంగీ తీసుకెళ్లి బాత్రూం జాలీలో కుక్కాడు, వెంటనే పక్కనున్న ఇండియన్ సీట్లోంచి పొంగింది. ఇసుక మూట పెట్టాం, అప్పటికే జానెడు నీళ్లు. కరెంటు మెయిన్ ఆఫ్ చేసి ఫోన్ల టార్చి వెలుతురులో నిలబడ్డాం. తెల్లారి ఆరింటికి వాన ఆగింది కానీ నీళ్లు తగ్గట్లేదు, పైగా తెల్లటి నురగ తేలుతూ వస్తోంది, ఏంట్రా బాబూ ఇది అనుకుంటే పైన ఆంటీ వాషింగ్ మిషన్ వేసింది! వాళ్ల సర్ఫ్ నీళ్లు బయటికి పోయే దారి లేక మా బాత్రూంలోకి దిగుతున్నాయి. ఇది చాలామందికి తట్టదు, డ్రైనేజీ రివర్స్ కొట్టినప్పుడు ముందు చేయాల్సిన పని చీపురు పట్టుకోవడం కాదు, పైకెళ్లి తలుపు కొట్టి కొళాయి తిప్పొద్దు ఫ్లష్ కొట్టొద్దు అని చెప్పడం.

వాటర్ బోర్డు నంబర్ 155313కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకున్నాం, మధ్యాహ్నానికి నీళ్లు ప్రెషర్‌తో కొట్టి లైన్ క్లియర్ చేసే జెట్టింగ్ మిషన్ వచ్చింది. ఈలోపు వీధి చివర ఒకాయన "రెండు వేలు ఇస్తే మనిషిని దింపుతా, పది నిమిషాల పని" అన్నాడు. మామయ్యకి ఎప్పుడూ కోపం రాదు, ఆరోజు వచ్చింది. రక్షణ సామాను లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, అది పక్కన పెట్టినా ఆ గ్యాస్‌కి ఎంతమంది పోయారో పేపర్లో చూస్తూనే ఉంటాం కదా. మిషన్ వాళ్లు లైన్లోంచి తీసినవి చూస్తే ఎవరికైనా తిక్క లేస్తుంది, బట్ట పేలికలు, శానిటరీ ప్యాడ్లు, కవర్లు, ఎవరో ఇల్లు కట్టిన ఇసుక, ఒక కొబ్బరి చిప్ప. నీళ్లు సర్రున దిగిపోయాయి. మిగిలింది బురద.

ఇప్పుడు అసలు రివ్యూ.

మొదట ఒక యాప్‌లో డీప్ క్లీనింగ్ బుక్ చేశాం. ఇద్దరొచ్చారు, గుమ్మం దగ్గర ఒకసారి లోపలికి చూశారు, "మేడమ్ ఇది మా ప్యాకేజీలో రాదు" అని వెళ్లిపోయారు. నిజంగా వాళ్ల తప్పేం లేదు, ఒక మాప్, ఒక స్ప్రే బాటిల్ తెచ్చుకున్న వాళ్లు ఏం చేస్తారు. తర్వాత మరిది ఫ్రెండ్ ఎవరో చెప్తే ఈ కంపెనీకి ఫోన్ చేశాం. సంపులు, ట్యాంకులు, ఫంక్షన్ హాళ్లు క్లీన్ చేసే చిన్న టీమ్. సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున ఏడింటికల్లా ఆటో ట్రాలీతో గేటు ముందున్నారు, గమ్‌బూట్లు, మోచేతుల దాకా గ్లోవ్స్, మాస్కులు, నీళ్లు పీల్చే పెద్ద వాక్యూమ్, రెండు బ్లోయర్లు, నాలుగు వైపర్లు. దీనికి ఫుల్ మార్కులు. మా ఆయన అప్పటికే చెప్పుల్లేకుండా తిరిగి కాలికి గీసుకుపోతే డాక్టర్ దగ్గరికెళ్లి టీటీ వేయించుకొచ్చాడు. ఎలుక జ్వరం సంగతి డాక్టర్ చెప్పాడు, ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లు గాయంలోంచి ఒంట్లోకి పోతే వస్తుందట, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రమ్మన్నాడు. బూట్లు లేకుండా ఎవరూ దిగకండి, మీరైనా సరే, పనివాళ్లైనా సరే.

ఆ పిల్లలు మంచాలు, బీరువా, సోఫా అన్నీ వాకిట్లోకి తెచ్చేశారు. బురదని పారతో, చాటతో ఎత్తారు, మిగతాది వాక్యూమ్, ఆ తర్వాత సర్ఫ్ నీళ్లతో రెండుసార్లు రుద్దుడు. ఒకబ్బాయి గడప సందుల్లో, తలుపు దారబందం అడుగున పాత టూత్ బ్రష్‌తో కూర్చుని రుద్దుతుంటే అత్తయ్య టీ పెట్టిచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఇల్లు ఇల్లులా కనబడింది. అప్పుడే నేను ఫోన్ తీసి 5 స్టార్లు ఇచ్చేద్దామనుకున్నా, చెయ్యి ఆగింది. ఆగి మంచిదైంది.

బాత్రూం దగ్గర మొదటి తేడా. ఒకడు టైల్స్ మీద యాసిడ్ పోసి వెళ్లాడు, వెనకే ఇంకొకడు బకెట్‌లో బ్లీచింగ్ పౌడర్ కలుపుకొచ్చి పోయబోతున్నాడు. నేను "తమ్ముడూ ఆగు" అనేలోపే కొంచెం పడింది, ముక్కుల్లో మంట, ఇద్దరూ దగ్గుకుంటూ బయటికి పరిగెత్తారు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్, మూసిన బాత్రూంలో అయితే ప్రాణం మీదికొస్తుంది. టాయిలెట్ క్లీనర్ సీసాల్లో ఉండేది కూడా చాలావరకు యాసిడే, అదీ బ్లీచింగ్‌తో కలపకూడదు. రోజూ ఇదే పని చేసే వాళ్లకి యజమాని ఈ మాట చెప్పకపోవడం ఏంటో నాకర్థం కాలేదు. యాసిడ్ వల్ల టైల్స్ మధ్య సిమెంట్ కూడా తినేసింది, ఇప్పుడు ఆ సందుల్లో వేలి గోరు దిగుతోంది, మళ్లీ గ్రౌట్ వేయించాలి.

విజయవాడ సింగ్ నగర్‌లో మా పిన్ని ఉంది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు వాళ్ల కింది వాటా మునిగింది, కాబట్టి ఈ విషయంలో మా కుటుంబానికి ఆవిడే ఇంజనీర్. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమంది. "బురద ఎండనివ్వకు అమ్మాయ్, ఎండితే సిమెంటే. ముందు సబ్బుతో కడుగు, మడ్డి మీద బ్లీచింగ్ చల్లితే బూడిదలో పోసిన పన్నీరే" అంది. ఇదే మాట తర్వాత డాక్టర్ కూడా వేరే రకంగా చెప్పాడు, మురికి ఉంటే క్లోరిన్ బలమంతా ఆ మురికికే సరిపోతుందట. మేము తర్వాత సొంతంగా చేసుకున్న లెక్క, పది లీటర్ల బకెట్‌కి 150 గ్రాముల పౌడరు, పైన తేరిన నీళ్లు తీసి నేల, గోడ అడుగు భాగం తడిపి పది పదిహేను నిమిషాలు అలాగే తడిగా ఉంచి కడిగేయడం. కిటికీలు తెరిచి. స్టీల్ బీరువాకి మాత్రం పోయొద్దు, తుప్పు పడుతుంది. ఇంకో సంగతి, ఎప్పటిదో మూతి విప్పిన సంచిలోది వాడితే తెల్ల సున్నం చల్లినట్టే, ఘాటు పోయిన బ్లీచింగ్‌కి పనిచేసే బలం కూడా పోయినట్టే. కొత్త ప్యాకెట్ కొనండి.

అదే కాల్‌లో పిన్ని అడిగిన ఇంకో ప్రశ్నకి నాకు వెన్ను జలదరించింది. "సంపు మూత ఎక్కడుందే?" మా సంపు వాకిట్లో నేలకి సమానంగా ఉంటుంది. రాత్రి మురుగు వాకిట్లోకి కూడా వచ్చింది. మూత చుట్టూ సందు ఉంది. ఈ పిల్లలు పొద్దున్నించి మా కొళాయికి పైపు పెట్టి ఇల్లు కడుగుతున్నారు, కొళాయి నీళ్లు ట్యాంకులోంచి, ట్యాంకు నీళ్లు సంపులోంచి. మూత ఎత్తి చూస్తే నీళ్ల మీద జిడ్డు తెట్టు. అంటే పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా మురుగుని మురుగుతోనే కడిగాం! అత్తయ్య పెట్టిచ్చిన టీ ఏ నీళ్లతో అని నాలుగు మొహాలు ఒకేసారి తెల్లబోయాయి. దేవుడి దయ, అది బబుల్ క్యాన్ నీళ్లు.

సంపులు కడగడమే మెయిన్ వ్యాపారంగా ఉన్న కంపెనీ ఇది. వాళ్లకి తట్టలేదు. అడిగితే "మీరు ఇల్లు మాత్రమే చెప్పారు కదా మేడమ్, సంపుకి సెపరేట్ చార్జ్" అన్నాడు ఫోన్‌లో యజమాని. ఇదిగో ఇక్కడ ఒక స్టార్ పోయింది. సరే, ఇంకో 2,500 ఇచ్చి సంపు, ట్యాంకు రెండూ ఖాళీ చేయించి, రుద్దించి, క్లోరిన్ నీళ్లు పైపుల్లో కూడా తిరిగేలా అన్ని కొళాయిలూ విప్పి వదిలాం, ప్రైవేట్ ట్యాంకర్ తెప్పించి ఇల్లు మొదటి నుంచి మళ్లీ కడిగించాం. పాపం పిల్లలు విసుక్కోకుండా రాత్రి ఎనిమిదిన్నర దాకా చేశారు, అందుకే రెండు స్టార్లు పోలేదు.

ఇక పరుపు కథ.

అత్తయ్యది బూరుగు దూది పరుపు, ఆవిడ పెళ్లికి వాళ్ల నాన్న కుట్టించి ఇచ్చింది. మంచం ఎత్తు తక్కువ, అడుగు భాగం తడిసింది, నాలుగు వేళ్ల మందాన నల్ల మరక. నేను పారేద్దాం అన్నాను. ఆవిడ మాట్లాడలేదు, చేత్తో పరుపు పై భాగం నిమిరింది, అది పొడిగానే ఉంది. సూపర్‌వైజర్ అబ్బాయి అది చూసి "ఏం పర్లేదు అమ్మా, స్టీమ్ కొట్టి డ్రై చేసిస్తాం, కొత్తదాన్లా ఉంటది" అన్నాడు. 1,200. స్టీమ్ కొట్టారు, బ్లోయర్ పెట్టారు, పైన సెంటు కూడా చల్లారు. అత్తయ్య మొహం వెలిగిపోయింది. పన్నెండు రోజులకి గదిలో ముక్కిన వాసన, కుట్టు విప్పి చూస్తే లోపల దూది ఉండలు కట్టి బూజు పట్టి ఉంది, పచ్చగా నల్లగా. అప్పుడు పారేయాల్సొచ్చింది, ఆవిడ ఏడ్చేసింది. మొదటి రోజే ఒకసారి ఏడిస్తే సరిపోయేది కదా.

నేను రెండో స్టార్ తీసేసింది దీనికి. ఈ సర్వీస్ వాళ్లకి కడగడం వచ్చు, పారేయమని చెప్పడం రాదు. కస్టమర్ మొహం చూసి మాట్లాడతారు. మురుగు నీళ్లు పీల్చుకునే వస్తువు ఏదైనా, పరుపు, దిండు, ఫోమ్ సోఫా, కార్పెట్, అట్టలాంటి చెక్క, దాని లోపలికి నీళ్లు వెళ్లినంత తేలిగ్గా మీ బ్లీచింగూ వెళ్లదు, ఎండా వెళ్లదు. పైన కడగొచ్చు, లోపల కడగలేం. బట్టలు పర్లేదు, వేడి నీళ్లలో సర్ఫ్ వేసి ఉతికి మంచి ఎండలో వేస్తే సరిపోయింది. మామయ్య టేకు మంచం, నాలుగు కాళ్లూ బురదలో ఉంది, కడిగి నీడలో వారం ఆరబెట్టి పాలిష్ పెట్టిస్తే చెక్కు చెదరలేదు. స్టీల్ బీరువా అడుగు రేకు మాత్రం తుప్పు, గీకి పెయింట్ వేశాం. పాతిక కిలోల బియ్యం బస్తా పైన సగం పొడిగా ఉన్నా మొత్తం పారేశాం, అత్తయ్యకి అన్నం పారేయడం అంటే ప్రాణం పోయినట్టు, అయినా నేను వినలేదు. ఫ్రిజ్, వాషింగ్ మిషన్ ప్లగ్గు పెట్టకుండా మెకానిక్‌ని పిలిచాం, వాషింగ్ మిషన్ మోటర్ పోయింది, ఫ్రిజ్ స్టాండ్ మీద ఉండి బతికింది. ఆ ప్లాస్టిక్ స్టాండ్ 600, ఇంట్లో ఇప్పటిదాకా కొన్నవాటిలో అదే బెస్ట్.

కిచెన్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. ఇల్లంతా శుభ్రంగా ఉంది, ఫినాయిల్ వాసన వస్తోంది, కానీ కిచెన్‌లో నిలబడితే ఏదో ఒక మూల నుంచి సన్నగా ఆ వాసన. నాలుగు రోజులు ఎలుక చచ్చిందేమో అని వెతికాం. ఆరేళ్ల కింద మాడ్యులర్ కిచెన్ చేయించాం, కింద క్యాబినెట్లకి నేలకి మధ్య నాలుగంగుళాల పట్టీ ఉంటుంది కదా, చూడ్డానికి గోడలా ఉంటుంది, నిజానికి అది క్లిప్పులతో నిలబడే పలక అంతే. మా ఆయన స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే టప్పున ఊడొచ్చింది, వెనక వేలెడు మందాన బురద, అప్పటికీ తడిగా, మెరుస్తూ, అందులో ఒక చెంచా, పిల్లాడి బంతి. క్లీనింగ్ టీమ్ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ పట్టీనే మెరిసేలా తుడిచింది! ఒక్కడికీ వెనక ఏముందో అన్న అనుమానం రాలేదు. క్యాబినెట్ల అడుగు పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టు, బంక కలిపి నొక్కింది, నీళ్లు తాగి పూరీలా పొంగింది, వేలితో నొక్కితే రవ్వలా రాలింది. మొత్తం తీయించేశాం.

మళ్లీ ఏం పెట్టాలి అని పదిహేను రోజులు కొట్టుకున్నాం. ప్లైవుడ్ షాపాయన "710 తీసుకోండమ్మా" అన్నాడు, ఐఎస్ 710 మెరైన్ ప్లై, దాని బంక పట్టు చూడ్డానికి ప్లై ముక్కని 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టి టెస్ట్ చేస్తారు. నిజమే, మంచి సరుకే, కానీ అది నీళ్లకి విడిపోదు అంతే, అంచులు సరిగ్గా సీల్ చేయకపోతే మురుగు పీల్చదని గ్యారంటీ ఏముంది. డబ్ల్యూపీసీ బోర్డు, అంటే చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసింది, అయితే నీళ్లు తాగదు, కానీ బరువు పెడితే అర వంగుతుంది, స్క్రూ పట్టు కూడా కంపెనీని బట్టి. చివరికి అత్తయ్య ఊరుకోలేక "మీరు పీకి పారేసిన కడప బండలు వెనక గోడకి ఆనించి ఉన్నాయి కదర్రా" అంది. ఆరేళ్ల కింద మాడ్యులర్ కోసం మేమే పీకాం, అవి ఓల్డ్ ఫ్యాషన్ అని! మేస్త్రీని పిలిచి గ్రానైట్ ప్లాట్‌ఫామ్ కింద అవే కడప బండలు అరలుగా పెట్టించి ముందు అల్యూమినియం తలుపులు బిగించాం. సామాను, కూలీ అంతా కలిపి 31,000. మాడ్యులర్ వాడు అడుగు క్యాబినెట్లకే లక్షా పది చెప్పాడు.

గోడల విషయంలో తొందరపడకండి. పెయింటర్ వారానికే "లప్పం పెట్టేస్తా" అన్నాడు. నీళ్లు జానెడు వచ్చినా చెమ్మ గోడలో మూరెడు పైకి ఎక్కింది, పాత లప్పం పెచ్చులుగా ఊడుతోంది. అది గీకేసి ఫ్యాన్లు పెట్టి వదిలేశాం. రాత్రి గోడకి ప్లాస్టిక్ కవర్ ముక్క నాలుగు వైపులా టేప్ వేసి అంటించి పొద్దున చూసేదాన్ని, లోపలి వైపు నీటి చుక్కలు ఉంటే ఇంకా ఆరలేదన్నట్టు. వానాకాలం కదా, మా వెనక గదికి ఏడు వారాలు పట్టింది. చుట్టాలొచ్చి "ఇదేంటి ఇల్లు ఇలా ఉంది" అంటే అననీ అని ఊరుకున్నా.

ప్లంబర్‌కి మాత్రం నా తరఫున ఐదుకి ఆరు. ముసలాయన, మాటలు తక్కువ. రోడ్డు లైన్‌కి ముందున్న మా ఆఖరి చాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాడు, లోపల ఒక రెక్క ఉంటుంది, బయటికి నీళ్లు పోతే తెరుచుకుంటుంది, వెనక్కి వస్తే మూసుకుంటుంది. అది పెట్టి డబ్బులు తీసుకుని పోవచ్చు, పోలేదు. పైన వాటా పైపు ఎక్కడ కలుస్తోందో తవ్వి చూశాడు. "అది వాల్వ్‌కి లోపల కలుస్తుందమ్మా, రెక్క మూసుకున్నప్పుడు పైవాళ్ల నీళ్లు ఎటు పోతాయ్, మీ బాత్రూంలోకే" అని ఆ పైపుని వాల్వ్ దాటాక కలిసేలా మార్చాడు. రెక్క మూసుకుని ఉన్నంతసేపు మేము కూడా నీళ్లు వాడకూడదు, ఎందుకంటే మావీ బయటికి పోవు. రెండు నెలలకోసారి మూత తీసి రెక్కకి అడ్డం ఏమైనా పడిందేమో చూడమన్నాడు, ఒక్క కవర్ ముక్క ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదట. సెప్టెంబర్‌లో ఒకరాత్రి గట్టిగా వాన పడింది, రోడ్డు మీద మూతల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి, మేమంతా వెనక బాత్రూం జాలీ చుట్టూ టీవీ చూస్తున్నట్టు కూర్చున్నాం. గుడగుడ అంది. రాలేదు.

క్లీనింగ్ కంపెనీ యజమానికి పరుపు ఫోటోలు, కిచెన్ పట్టీ వెనక ఫోటోలు పంపించా. పరుపు డబ్బుల్లో 800 వెనక్కి వేశాడు, "అక్కా ఐదు స్టార్లు ఇవ్వండి" అని మెసేజ్ పెట్టాడు. మూడే ఇస్తున్నా. మళ్లీ పిలుస్తానా అంటే పిలుస్తా, ఇంత సామానుతో మర్నాడే దిగే టీమ్ నాకు ఇంకొకటి దొరకలేదు, కాకపోతే ఈసారి ట్యాంకర్ నీళ్లు ముందే తెప్పించుకుంటా, కిచెన్ పట్టీలు నేనే ఊడదీసి ఉంచుతా, యాసిడ్ క్యాన్ గేటు బయటే పెట్టమంటా, పరుపుల గురించి వాళ్లని అడగను.